బూడిదలో ఇనప పట్టీలు

బుజ్జినాన్నా, నువ్వు పోయావని ఆస్పత్రి నుంచి ఫోను వచ్చి పన్నెండు రోజులైంది. నిన్న పెద్దకర్మ కూడా అయిపోయింది. నీ గురించి నాలుగు మాటలు రాయమని నీతో పనిచేసినవాళ్లు అడిగారు. ఐదో తరగతి చదువు నాది. తప్పులుంటే చదివేవాళ్లు సర్దుకోండి.

మా అబ్బాయి, ఈ బుజ్జినాన్న, ఇన్సూరెన్సు సర్వేయరు. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఎక్కడ మిల్లు కాలినా, గోడౌన్లోకి నీళ్లొచ్చినా, నష్టం ఎంతో తేల్చి రాసేది వాడే. కంపెనీ తక్కువంటుంది, ఓనరు ఎక్కువంటాడు. ఇద్దరి చేతా మాటలు పడి, మసి కొట్టుకున్న చొక్కాతో ఇంటికొచ్చేవాడు. మూడు నీళ్లు పోస్తే గానీ ఆ మసి వదిలేది కాదు.

ఒక వేసవిలో మా పక్కింటి అన్నయ్యగారి పత్తి మిల్లు కాలింది. నూట ఇరవై బేళ్లు పోయాయని ఆయన, నలభై కూడా లేవని కంపెనీ. క్లెయిము రాకపోతే మిల్లు అమ్ముకోవడమే. ఆయన భార్య, నేను వదినా అని పిలిచే మనిషి, మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

"కాస్త ఎక్కువ రాస్తే నీ సొమ్మేం పోయిందిరా?" అన్నాను వాడితో.

"నువ్వు కూడానా అమ్మా! పత్తి కాలిపోద్ది గానీ బేలుకి చుట్టిన ఇనప పట్టీలు కాలవే. ఒక్కో బేలుకి ఇన్నని ఉంటాయి. దొరికినవి లెక్కేస్తే ఎన్ని బేళ్లు కాలాయో తేలిపోద్ది."

మూడు రోజులు ఎండలో గొంతుక్కూర్చుని బూడిదలో పట్టీలు ఏరాడు. తొంభై బేళ్లు తేలాయి. అదే రాశాడు. వదిన మా గడప తొక్కడం మానేసింది. ఆ కోపం నేను వాడి మీద చూపించాను. కంచం మీద మూత పెట్టి పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని. తిన్నావా అని అడిగేదాన్ని కాదు. తర్వాత మిల్లు మళ్లీ నడిచింది. ఎలాగో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

నిన్న అన్నయ్యగారు నా పక్కన కూర్చున్నారు.

"చెల్లెమ్మా, కంపెనీవాళ్లు నలభై బేళ్లకి మించి ఇచ్చేది లేదన్నారు. మీవాడు ఆ పట్టీలన్నీ గోనెసంచులకెత్తి ఆటోలో వేసుకెళ్లి వాళ్ల ఆఫీసులో కుమ్మరించాడు. మీరే లెక్కపెట్టుకోండి సార్ అన్నాడంట. అప్పుడు ఒప్పుకున్నారు తొంభైకి. నీకు చెప్పలేదా?"

చెప్పనిస్తే కదా నేను.

వాడు ఆ రోజుల్లో తిన్నాడో, మూత కూడా తీయకుండా పడుకున్నాడో ఇప్పుడు ఎవర్ని అడగను? ఇవాళ వదిన అన్నం కలిపి ముద్ద చేతికిచ్చింది. చేతిలోనే ఆరిపోయింది.

ఇంక రాయలేను. ఎండన పడి తిరిగేవాళ్లు, మీరు మటుకు వేళకి కడుపునిండా తినండి.