నిజ్వాలో మెట్టెల వేట

తొంభైల మొదట్లో ఒక శ్రావణమాసం. అరబ్బు దేశంలో, బౌషర్ అనే పేటలో మేమున్న ఫ్లాట్‌లో, మా ఆవిడ సుగుణ ఎడమకాలి మెట్టె బాత్రూం తూములో పడి కొట్టుకుపోయింది. వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. మా బిల్డింగులో తెలుగు పేరంటాళ్లు ముందు కాళ్లు చూసి, తర్వాతే ముఖం చూస్తారు. దగ్గర్లోని రువీ బజారులో అడుగడుక్కీ బంగారం కొట్లే. వెండి మెట్టెలు అడిగితే బిచ్చగాణ్ణి చూసినట్టు చూసి, పాత వెండికి పేరున్న నిజ్వా ఊరు వెళ్లమన్నారు.

వ్రతానికి వారం ముందు శుక్రవారం, సెలవునాడు, ఉదయం ఎనిమిదింటికి రువీలో బస్సెక్కాం. టికెట్ డ్రైవరే ఇస్తాడు. చిల్లర ఉంచుకోండి, లేదంటే అతని చిరాకు భరించాలి. పక్క సీట్లో జగిత్యాల మేస్త్రీ నర్సయ్య నిజ్వా సైట్‌కి పోతున్నాడు. మా పని విని నవ్వాడు.

"మట్టెలకు గంత దూరమా సార్! ఆడ అన్నీ మెడకు, చేతులకే. ఒక్కోటి ఇటుకంత బరువుంటది."

పదిన్నరకి దిగాం. జుమ్మా నమాజుకి కొట్లు మూసేస్తారు కాబట్టి ఆలోగానే చూసుకోవాలి. వెండి బజారులో తెల్లవాళ్లు నల్లబడ్డ హారాలు మెళ్లో వేసుకుని ఫొటోలు దిగుతున్నారు. పాతదంటే చాలు, మకిలికి కూడా దండం పెట్టే రకం. నాకైతే అవి ఎద్దుల మెడపట్టెడల్లా కనిపించాయి.

ఒక గడ్డం తాత కొట్లో సుగుణ నీలిరంగు ఫిరోజా రాయి పొదిగిన చిన్న వెండి ఉంగరం తీసింది. అక్కడే చెప్పు విడిచి, కాలి రెండో వేలికి తొడిగేసింది. చక్కగా సరిపోయింది.

తాత ఉలిక్కిపడి లేచాడు. "అది చూపుడువేలి ఉంగరం, బేటీ," అన్నాడు వచ్చీరాని హిందీలో. "దేవుడొక్కడే అని నమాజులో ఆ వేలెత్తి సాక్ష్యం చెబుతాం. దాన్ని కాలికా?"

సుగుణ గబుక్కున తీసి, కొంగుతో తుడిచి కళ్లకద్దుకుంది. "చేతికే పెట్టుకుంటాను బాబా," అని హిందీలోనే చెప్పింది. తాత మెత్తబడి ఇచ్చాడు. నేను లోలోపల నవ్వుకున్నాను. కొన్నాక ఎవరి కాలు వాళ్లిష్టం.

మధ్యాహ్నం రెండున్నరకి తిరుగు బస్సు. ఊరు దాటగానే, "ఇంక తొడుక్కో, ఎవడు చూడొచ్చాడు?" అన్నాను.

"చేతికని చెప్పాను కదండీ."

నాకు ఒళ్లు మండింది. "ఆయనెవరు, నువ్వెవరు? వ్రతంనాడు అందరూ నీ బోసికాలు చూసి చెవులు కొరుక్కుంటారు. ఇందుకేనా ఎండలో ఇంతదూరం వచ్చింది?"

"కాలు మడుచుకుని కూర్చుంటాలెండి," అంది. ఇప్పట్నించే అలవాటు చేసుకుంటున్నట్టు ఎడమకాలిని చీరకుచ్చెళ్ల కిందికి లాక్కుంది.

నిజ్వాలో వెక్కిరించడానికి నాకు చాలా దొరికాయి. ఆ బోసికాలిలో మాత్రం ఒక్కటీ దొరకలేదు.