లెక్కల మాస్టారు తుడిచేసిన మిరప పేజీ

కంప్యూటర్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే ఆ రోజుల్లో, కంప్యూటర్ తెలిసినవాళ్లంటే జనానికి ఎంత గౌరవమో, మాకు మా మీద అంతకు రెట్టింపు గౌరవం. నేను గుంటూరు బ్రాడీపేటలో ఓ కోర్సు చేసి, చిలకలూరిపేట దారిలో పత్తి చేల మధ్య ఉన్న ఒక బీఈడీ కాలేజీలో కంప్యూటర్ మేడంగా చేరాను. నా శిష్యుల్లో సగం మంది నాకన్నా పెద్దవాళ్లు, కొందరికి పిల్లలు కూడా ఉన్నారు. చీర కట్టుకుంటే పెద్దదానిలా కనిపిస్తావని మా అమ్మ చెబితే రోజూ చీరే కట్టుకుని బస్సెక్కేదాన్ని. (పెద్దదానిలా కనిపించలేదు, బస్సెక్కడం మాత్రం కష్టమైంది.)

ఆ ఏడాది మా కరస్పాండెంటుగారు ఏదో సమావేశానికి వెళ్లొచ్చి, ఇకమీదట పాఠాలు ఇంటర్నెట్‌లో అందరూ కలిసి తయారుచేయాలన్నారు. ఎలాగండీ అని అడిగితే, "ఎలాగో నీకు తెలియాలి గదమ్మా, అందుకేగా నిన్ను పెట్టుకుంది" అన్నారు. వెతగ్గా వెతగ్గా వికీ అనేది దొరికింది. ఒకే పేజీని ఎంతమందైనా రాయొచ్చు, ఒకరు రాసింది ఇంకొకరు దిద్దొచ్చు. సరేనని మిరప పంట మీద పాఠం మొదలుపెట్టించాను. మొక్క సంగతి సైన్సు వాళ్లది, టిక్కీల (అంటే మిరపకాయల బస్తాల) తూకం లెక్కల వాళ్లది, గుంటూరు మిర్చి యార్డు నుంచి సరుకు ఏయే దేశాలకు పోతుందో చెప్పడం సోషల్ వాళ్లది. అందరికీ కలిపి ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు ఇచ్చాను (వేరువేరుగా ఇస్తే మర్చిపోతారని నా ముందుచూపు). పేజీ పైన హిస్టరీ అని ఒక మీట ఉండేది. అదేమిటని ఎవరో అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా, అది చరిత్ర చెప్పేవాళ్లకి, మిగతావాళ్లు నొక్కొద్దని చెప్పేశాను.

పేజీ బాగానే పెరిగింది. నారు ఎప్పుడు పోయాలో ఒకాయన రాస్తే, ఇంకొకాయన అది కొట్టేసి తమ ఊరి పద్ధతి రాశాడు. గుంటూరు వైపు వాళ్లూ ప్రకాశం వైపు వాళ్లూ రెండు జట్లుగా విడిపోయి, పొద్దున ఒకరు దిద్దింది మధ్యాహ్నం ఇంకొకరు దిద్దుతూ వచ్చారు. చివరికి రెండు పద్ధతులూ ఉంచి రాజీ చేశాను. కాయలు కల్లాల మీద ఎండే వేళకి పాఠమూ పూర్తయింది. దాన్ని చూడటానికి యూనివర్సిటీ నుంచి పెద్దలు వస్తున్నారని, అంతా సవ్యంగా జరిగితే నా ఉద్యోగం పర్మనెంటని, లేకపోతే వేసవి సెలవుల తర్వాత నేను రానక్కర్లేదని కరస్పాండెంటుగారు చాలా మర్యాదగా చెప్పారు.

వాళ్లొచ్చే రోజు పొద్దున్నే పేజీ తెరిస్తే పైన "మిరప" అన్న మాట ఒక్కటే ఉంది. కింద అంతా తెల్లగా, మల్లెపువ్వులా ఉంది. నెట్ పాడైందేమో అనుకున్నాను, వైరస్సేమో అనుకున్నాను, పక్క కంప్యూటర్లన్నీ వరసగా తెరిచాను. అన్నిట్లోనూ అదే తెలుపు. కిటికీలోంచి కల్లాల ఘాటు వచ్చి అందరూ తుమ్ముతున్నారు, నాకు మాత్రం తుమ్ము కూడా రాలేదు. అంతలో మా లెక్కల మాస్టారు వచ్చారు. రిటైరయ్యాక కూడా చాక్‌పీసు వదల్లేక మా కాలేజీలో చేరిన పెద్దాయన. నా మొహం చూసి, తన వల్ల ఒక మంచి పని జరిగిందని చెబితే ధైర్యం వస్తుందనుకున్నారు కాబోలు.

"నిన్న సాయంత్రం నేనే తుడిచానమ్మా. పెద్దవాళ్లొస్తుంటే బోర్డు నిండా పాత రాతలుంటే ఏం బాగుంటుంది?"

ఏ మీట నొక్కితే అక్షరం పోతుందో, ఏది నొక్కితే పేజీ భద్రమవుతుందో పిల్లల్ని చూసి నేర్చుకున్నారట. అక్షరం పోయే మీట నొక్కుతూ ఒక్కో అక్షరమే తుడుచుకుంటూ పోయారట, దాని మూలంగా బస్సు కూడా తప్పిపోయిందట. సంగతేమిటో నేను చెప్పేసరికి ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నీ నోటి కాడ కూడు తీశానేమిటే అమ్మాయ్" అన్నారు. మా నాన్నకన్నా పెద్దాయన, ఏమని అంటాను?

అప్పుడు మేమంతా చీమకుర్తి అన్నయ్య అని పిలిచే సోషల్ శిష్యుడు గొంతు సవరించుకున్నాడు.

"మేడం, హిస్టరీ మా సబ్జెక్టు వాళ్లకే అన్నారని నేను మొన్న అది నొక్కానండి. అందులో రాజులెవరూ లేరు. మన పాత పేజీలే ఉన్నయ్యి."

వెంటనే హిస్టరీ నొక్కాను. మేము భద్రపరిచిన ప్రతి పేజీ, తేదీతో సహా, వరసగా ఉంది. మాస్టారు తుడవక ముందుదాన్ని పట్టుకుని వెనక్కి రప్పించాను. ఆనాటి నెట్ కదా, వరస తర్వాత వరస నింపాదిగా దిగింది. టిక్కీల తూకం దాకా రాగానే మాస్టారు తెర మీద వేలు పెట్టి, "ఉంది" అన్నారు. నాకు అప్పుడొచ్చింది తుమ్ము.

మధ్యాహ్నం వచ్చిన పెద్దల్లో ఒకావిడ అంతా చూసి, ఇందరి చేతిలో పెట్టారు కదా, ఎవరైనా చెరిపేస్తే ఏం చేస్తారని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మాస్టారు లేచి నిలబడ్డారు.

"నిన్న నేను మొత్తం తుడిచేశానండి. పొద్దున ఈ అమ్మాయి మళ్లీ తెప్పించింది. కావాలంటే ఇప్పుడు మళ్లీ తుడుస్తాను, చూడండి."

వద్దు మాస్టారూ అంటూ నేను మౌస్ గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ ఎంతసేపు నవ్వారో! ఆ తర్వాత పాఠం కంటే ఆ పాత పేజీలనే ఎక్కువసేపు చూశారు. మనుషులు ఎలా నేర్చుకుంటారో ఇక్కడ కనిపిస్తోందని కరస్పాండెంటుగారితో అన్నారు. వెళ్లేటప్పుడు కరస్పాండెంటుగారు నా వైపు తిరిగి, జూన్‌లో కాస్త ముందుగా రమ్మన్నారు. అంతకంటే పర్మనెంటు ఆర్డరు ఇంకేం కావాలి?

సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలినట్టైంది. కళ్లు మూశానంతే. కండక్టరు లేపేసరికి నేను దిగాల్సిన గుంటూరు ఎప్పుడో దాటి మంగళగిరి వచ్చేసింది. మిగిలిన దూరానికి టిక్కెట్టు కొని, తిట్లు తిని, వెనక్కి వచ్చే బస్సెక్కి, మళ్లీ హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు నాకు చాలా సంగతులు తెలుసు, తెలియనివాటికి తెలియదని చెప్పడమూ వచ్చు. కానీ బస్సులో అలా నిద్ర పట్టడం మాత్రం మళ్లీ చేతకాలేదు. కిటికీకి తల ఆనించి, నోరు తెరుచుకుని, ఊరు దాటిపోయినా తెలియకుండా నిద్రపోయిన ఆ పిల్లని తలుచుకుంటే, ఇంకాసేపు లేపకుండా ఉంటే బాగుండేదనిపిస్తుంది.