బోడకాకర పువ్వు పిలుపు

పిల్లలూ, హనుమకొండలో మన డాబా మీది బోడకాకర తీగను మీరు ఫోన్లోనే చూశారు. వర్ధన్నపేట దగ్గర మా అమ్మ బోడకాకర పాకించిన కంచె తీసేసి గోడ కడుతుంటే, చివరికి మిగిలిన ఒక్క గడ్డను తెచ్చి కుండీలో పెట్టాను. దానికి ఒక్క కాయైనా నిలిస్తే ఆ గింజలు మీ అందరికీ ఇవ్వాలని నా ఆశ.

వానలు పడగానే పూసింది. కానీ పువ్వు కింది చిన్న పిందె పసుపెక్కి రాలిపోయేది.

"నీ తీగ అలిగినట్టుందే. జర బతిమాలు," అని మీ తాత నవ్వాడు.

బోడకాకరలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. నాది ఆడది. మగ తీగ లేకపోతేనేం, పక్క కుండీలో కాకర ఉందిగా అనుకున్నాను. పొద్దున విచ్చిన కాకర పువ్వు పుప్పొడి దాచి, సాయంత్రం విచ్చే బోడకాకర పువ్వుకు దూదితో అద్దాను. అయినా పిందెలు రాలాయి.

మీలో మొక్కల చదువు చదివే పెద్దదానికి ఫోన్ చేశాను.

"అమ్మమ్మా, పుప్పొడి అంటితే అయిపోదు. ఒక్కో రేణువు నుంచి వెంట్రుక కన్న సన్నటి గొట్టం పుట్టి పువ్వు లోపలికి దిగాలె. గింజ కాబోయే చోటి నుంచి కొన్ని రసాయనాలు వస్తయ్. వాటిని పసిగట్టుకుంటనే పోతది."

"ముక్కు లేకుండనా?"

"ముక్కు లేదు, కండ్లు లేవు. గొట్టం కొసకే తెలుస్తది. కానీ తన జాతి పిలుపైతేనే. కాకరది నడుమల్నే ఆగిపోతది."

తాత పక్కనుంచి అందుకున్నాడు: "అంటే మీ అమ్మమ్మ ఇల్లు తెల్వనోన్ని పెండ్లికి పిలిచిందన్నట్టు!"

నవ్వుకున్నాం గానీ, ఆ సాయంత్రం ఆ పువ్వు ముందు చాలాసేపు కూర్చున్నాను. బోర్డు చదివి కూడా నేను తప్పు బస్సెక్కుతాను. ఆ గొట్టమేమో చీకట్లో, ఎవరినీ అడగకుండా పోతుందట!

మరునాడు తాతే వర్ధన్నపేట వెళ్లి, అక్కడి మెట్ట చెలకల్లోంచి విచ్చబోయే మగ మొగ్గలు కోసి, తడిగుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో తెచ్చాడు.

"పైలం! బస్సుల నిలబడి, పసిపిల్లను ఒళ్లె పెట్టుకున్నట్టు పట్టుకొచ్చిన."

మునిమాపున అవి విచ్చాయి. ఒక్కోదాన్ని ఆడ పువ్వుకు మెల్లగా ఆనించాను.

ఈసారి ఒక పిందె నిలిచింది. మెత్తటి ముళ్లతో పచ్చగా బలిసింది.

"కూరెప్పుడే?" అని తాత రోజూ అడిగేవాడు.

"ఇది కూరకు కాదు. ఆశ పడకు."

తీగకే పండనిచ్చాను. నారింజ రంగుకు తిరిగి పగిలింది. ఎర్రటి గుజ్జులో నల్లటి గింజలు. ఒక్కో గింజ దగ్గరికీ ఒక్కో గొట్టం దారి కనుక్కుని వచ్చిందన్నమాట. తాత కూర సంగతి మరిచి, ఒక గింజను అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"ఆ గొట్టాలు కండ్లు లేకున్నా ఎంత పనిమంతులే!" అన్నాడు.

గింజలు కడిగి నీడన ఆరబెట్టాను, పంపుతాను. ఒక్కటే నాటకండి. ఆడదో మగదో పూసేదాకా తెలియదు.