గెడ్డ అవతల ఆరిపోయిన మంట: అరకు కొండల్లో పందుల్ని తోలే డ్రోను చూసొచ్చాను

మా ఊరు చోడవరం దగ్గర. ఉన్న రెండెకరాల చెరకులో ఈ ఏడాది అడవిపందులు పడని వారం లేదు. పాత చీరలు చుట్టూ కట్టాం, స్పీకరు పెట్టి కుక్కల అరుపులు వినిపించాం, మంగలి షాపుల నుంచి బస్తాలకొద్దీ వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాం. పందులు అన్నిటినీ ఓపిగ్గా వాసన చూసి, పక్కనుంచి దూరి, చెరకు నమిలి పోయేవి. ఆ ఉక్రోషంలో నేను ఫోనులో విదేశీ వీడియోలు చూడ్డం మొదలుపెట్టాను. అక్కడ హెలికాప్టరులో కూర్చుని పైనుంచి పందుల్ని కాలుస్తారు. మనకి ఆ ముచ్చట లేదు, అనుమతి లేకుండా అడవిపందిని చంపితే కేసవుతుంది. సరిగ్గా అప్పుడే సతీష్ ఫోను చేశాడు. మా చెరక్కి డ్రోనుతో మందు కొట్టేది అతనే. ఈ మధ్య అరకు పైన డ్రోనుకి వేడిని పసిగట్టే కెమెరా, సైరనూ బిగించి పందుల్ని తోలుతున్నాడట. వచ్చి చూసి, నచ్చితే మీ దగ్గరా ఎగరేద్దామన్నాడు. నవంబరు నెలాఖరులో బయల్దేరాను.

మైదానం నుంచి వెళ్లేవాళ్లకి కొత్తవలసలో ఉదయం ఏడు దాటాక దొరికే కిరండూల్ పాసింజరే సుఖం. అన్‌రిజర్వుడు టికెట్టు బస్సు చార్జీలో సగం కూడా ఉండదు, కాకపోతే సీటు మీద ఆశ పెట్టుకోకూడదు. సొరంగం వచ్చినప్పుడల్లా పర్యాటకులు కేకలు పెట్టారు. బయట ముసురు, లోపల చిప్స్ వాసన. నాకు ఏదీ రుచించలేదు. పదకొండు దాటాక అరకులో దిగి, టీ తాగి, డుంబ్రిగుడ వైపు వెళ్లే షేరు జీపు ఎక్కాను. మనిషికి అరవై తీసుకున్నారు. మీ వైపు పందుల బెడద ఎలా ఉందని డ్రైవరుని అడిగాను. "దుంపలు ఎయ్యడం మానీసినాం బాబూ. పందికి పెట్టడానికి పండించాలేటి?" అన్నాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. జీపు ఆపిన చోటు నుంచి కాఫీ తోటల మధ్యగా గంట నడక. దారంతా జారుడు, చెప్పులతో వెళ్లకండి.

సతీష్ దిగింది దొంబురు అనే గిరిజన రైతు ఇంట్లో. నాకూ అక్కడే అన్నం పెట్టారు, చిక్కుడు గింజల కూర, తాగడానికి చోడంబలి. దొంబురు నలభై దాటినవాడు, మితభాషి. ఇంటి వెనక వాలులో అతని చోళ్లు కోతకి వచ్చి ఉన్నాయి. రాగుల్ని మా వైపు చోళ్లనే అంటాం. వాలు కింద చిన్న వాగులాంటి గెడ్డ, గెడ్డ అవతలి వాలులో మరో చోడి చేను. అది అతని అప్ప, అంటే అక్క, బుద్రిది. ఆమెని అవతలి ఊరికే ఇచ్చారట. ఈ రెండు వాలుల వాళ్లకీ పందుల కాపలాలో ఒక పద్ధతి ఉంది. ఎటువాళ్లు పందుల్ని తోలినా ముందు అవతలికి గట్టిగా ఒక అరుపు వెయ్యాలి. అది వినగానే అవతలివాళ్లు మంట ఎగదోసి, డప్పు కొడుతూ గట్టు మీద నిలబడతారు. పందులు ఏ చేనులోకీ ఎక్కలేక గెడ్డ వెంటే పైకి అడవిలోకి పోతాయి. ఈ నెల రోజులూ అక్కాతమ్ముళ్లు చెరో మంచె మీద పడుకుని అలాగే చేలు కాపాడుకున్నారు.

సాయంత్రం అయిదున్నరకే కొండల మీద వెలుగు పోయింది. సతీష్ డ్రోను పైకి లేపి, తెర మీద చూసి విసుక్కున్నాడు. పంది ఒంటి వేడి తెల్లటి మచ్చలా కనపడుతుంది, మంటా అలాగే కనపడుతుంది. రెండు వాలుల మీదా మంటలుంటే తేడా తెలియదు, కాసేపు ఆర్పించమన్నాడు. దొంబురు తన మంట మీద మట్టి వేసి, గెడ్డ వైపు తిరిగి, మంట ఆర్పమని అప్పని కేకేశాడు. అవతల మంట కాసేపటికి చిన్నదై ఆరిపోయింది. ఎందుకని ఆవిడ అడగలేదు.

ఆ తర్వాత జరిగింది చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, అబద్ధమెందుకు. దొంబురు చేను మధ్యలో తెల్లటి మచ్చలు ఒక గుంపుగా కనిపించాయి, ముందు పెద్దవి, వెనక పిల్లలు. డ్రోను వాటి నెత్తి మీదకి దిగి సైరను వేసింది. గుంపంతా చెల్లాచెదురై వాలు కిందకి ఉరికి, మళ్లీ ఒకటై గెడ్డలోకి దిగింది. నేను చప్పట్లు కొట్టాను. అంతలో మంచు కమ్మింది, బ్యాటరీ అయిపోవచ్చిందని డ్రోను కూత పెట్టింది, సతీష్ దాన్ని వెనక్కి రప్పించాడు. బుద్రి చేను మీద పొద్దున్నే ఎగరేద్దామన్నాడు. "ఎల్లిపోనాయి" అన్నాడు దొంబురు. నెల రోజుల్లో మొదటిసారి ఆ రాత్రి అతను ఇంట్లో పడుకున్నాడు. అరుపు వెయ్యలేదనీ, అవతల మంట ఇంకా ఆరే ఉందనీ మా ఎవరికీ తట్టలేదు.

తెల్లవారి బుద్రి వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. వాకిట్లో నిలబడి తమ్ముణ్ణి రమ్మంది. మేమూ వెనకే గెడ్డ దాటాం. ఆమె చేనులో రాత్రి పందులు పడ్డాయి. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. నిన్న సాయంత్రం నేను ఆ ఒడ్డు నుంచి చూసిన చేను బురదలో కలిసిపోయి ఉంది.

"నువ్వు ఆర్పమన్నావని ఆర్పినాం. తోలినప్పుడు అరుపెయ్యలేదేటి?" అంది బుద్రి.

"డ్రోను ఉంది గదా అనుకున్నాను, అప్పా."

దొంబురు తన చేనులో సగం కోసుకోమన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "నీ సోళ్లు తినకేటి, తింటాను. ముందు కొత్త పెట్టాలి గదా. నా నేల్లో ఎన్ను లేపోతే ఏటి పెడతాను?"

అక్కడ ఏ ఇంటివాళ్లయినా తమ నేలలో పండిన తొలి వెన్నుల్ని దేవతకి పెట్టాకే ఆ ఏటి గింజ ముట్టుకుంటారు. దాన్నే కొత్త పెట్టడం అంటారు. తమ్ముడి చేనువి పెడితే చెల్లవు. అది జరగందే ఎవరు ఇచ్చిన కొత్త గింజా ఆ ఇంట్లో పొయ్యెక్కదు. దొంబురు బురదలో కూర్చుని, పడిపోయిన మొక్కల్ని ఒక్కొక్కటే ఎత్తి చూడసాగాడు. అవతలి వరుసలో బుద్రి కూర్చుంది. సతీష్ డ్రోను పెట్టె గట్టు మీద పెట్టి దిగాడు, నేనూ దిగాను. దొరికిన వెన్నులన్నీ ఆమె కొంగులో వేశాం. గుప్పెడు అయ్యాయి.

బుద్రి వాటి మట్టి తుడిచి చూసుకుంది. "కొత్తకి సాలతాయి" అంది. వాటిని కొంగులో ముడేసుకుని, "మర్నాటికి లేవు" అంది. దొంబురు ఇంకో మొక్క ఎత్తి చూశాడు.

మధ్యాహ్నం తిరుగు రైలు పట్టుకున్నాను. జీపు దాకా నాతో వచ్చిన సతీష్, ఈసారి రెండు డ్రోన్లు తెస్తే ఇలా జరగదన్నాడు. నిజమే కావచ్చు, పనిముట్టుని తిట్టి లాభం లేదు. కానీ దారంతా నాకు మా చెరకు పక్కన కాలవ, కాలవ అవతల కౌలుకి మొక్కజొన్న వేసుకున్న సన్యాసిరావు గుర్తొచ్చారు. ఆ వీడియోల్లో కాల్చిన పంది అక్కడే పడుతుంది. మనం చంపం, తోలుతాం. తోలిన పంది ఆకలితోనే ఎవరి చేనులోకో వెళ్తుంది. రెండు వాలుల మధ్య ఒక అరుపు, రెండు మంటలు అన్నాళ్లూ ఆ సంగతే చూసుకున్నాయి. వాటిని ఆర్పించి మేం ఒక చేను కాపాడాం. ఆ దిగులు ఇంటికొచ్చినా పోలేదు.

డ్రోను పిలిపించాలనుకునే రైతులకి చెప్పేది ఒకటే. ముందురోజు వెలుగుండగానే గెడ్డో కాలవో దాటి అవతలి చేనుదాకా నడవండి. అక్కడివాళ్లని వాళ్ల గట్టు మీద నిలబెట్టి, వాళ్ల మంట వెలుగుతుండగానే డ్రోను లేపమనండి. తెర మీద పందులు సరిగ్గా కనపడకపోతే, కనపడకపోనీండి.