చిన్నోళ్ళ డబ్బల పెద్దోని కాయితం

నేను చదివింది మూడో తరగతి, అది గూడ సగమే. ఇంట్ల నూలు కండెలు చుట్టెటందుకు చేతులు తక్కువైనయని మా అమ్మ నడుమల్నే బడి మాన్పిచ్చింది. తెలుగు కూడబలుక్కొని చదువుత. ఇంగిలీషు అక్షరాలు గుర్తుపడుత గని అవి అన్ని కలిసి ఏం చెప్తున్నయో నాకు తెల్వది. గిసొంటి నేను మా ఇంటి మెయిల్ మొత్తం చూసుకుంట అంటె సిరిసిల్లల మా వాడోళ్ళు నవ్వుతరు. నవ్వనియ్యుండ్రి.

ఫోన్ నా చేతికి ఎందుకు వచ్చిందంటె, నా కొడుకు పొద్దంత సాంచాల నడుమ ఉండేటోడు. ఆ మరమగ్గాల చప్పుడుల పక్క మనిషి మొత్తుకున్నా వినరాదు, ఇగ ఫోన్ ఏం వినస్తది? వాని బిడ్డ, నా మనుమరాలు, జగిత్యాలల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతది. ఇంటికాడ ఖాళీగ దొరికింది నేనే.

ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు పిల్ల ఫోన్ తెరిచి నెత్తి పట్టుకున్నది. చదవని మెయిల్‌లు వందలకు వందలు పడి ఉన్నయట. జాగ నిండింది, పైసలు కడితె ఇంకింత జాగ ఇస్తమని ఫోన్ అడుగుతున్నదట. చెత్త పెట్టుకునెటందుకు ఎవలన్న కిరాయి కడుతరా అని అడిగిన. "కట్టద్దు నాయినమ్మా, రూల్స్ పెడుదాం" అన్నది. ఎవలి దగ్గరికెళ్ళి వచ్చింది, అండ్ల ఏ మాట ఉన్నది, అది చూసి మెయిల్ దానంతట అదే ఏ డబ్బల పడాల్నో ఆ డబ్బల పడుతదట. ఒక్కసారి చెప్పిపెడితె మళ్ళ చెప్పే పని లేదు.

నాకు జెప్పన సమజైంది. కండెలు చుట్టేటప్పుడు మేము చేసింది గదే గద. ఎర్ర నూలు ఎర్ర గంపల, పచ్చ నూలు పచ్చ గంపల. రంగు కలిపినోల్లకు మా అత్త దగ్గర ఆ పూట అన్నం లేకుండె. మనుమరాలికి గట్లనే చెప్పిన. గ్యాసుది, కరెంటుది ఒక డబ్బ. కాలేజీది ఒక డబ్బ. చీరెల దుకాణాలోల్లయి నా కండ్ల పడకుండనే చెత్తకు పోవాలె. చూస్తె కదా కొనబుద్ధయ్యేది.

ఇగ నాలుగోది మా చెల్లె డబ్బ. చెల్లె అంటె తోడబుట్టింది కాదు, నా తోటికోడలు. మా మరిది పోయినంక కోరుట్లల బీడీలు చేసుకుంట బతుకుతది. ఆమె కొడుకు దుబాయ్‌ల ఉంటడు. ఆమెకు బటన్ల ఫోనే ఉన్నది, అందుకని వాని కాయితాలకు మా మెయిలే రాసిచ్చిండు. రెండు వారాలకొకసారి కతలాపూర్ మీది బస్సుకు వచ్చి, నా కొడుకుతోని చదివిచ్చుకొని పోయేది. ఎన్నడో పాత కయ్యంల, "అక్క మా ఇంటి ముచ్చట్లు వాడంత చాటుతది" అని ఆమె నన్ను ఒక మాటన్నది. నేను మరిచే మనిషినా? వాళ్ళ మెయిల్ నా ముందట పడనే వద్దు, నేరుగ వాళ్ళ డబ్బలకే పోవాలె, ఆమె వచ్చి కూసున్నప్పుడే తెరవాలె, తెరిచినప్పుడు నేను అటు మొకం తిప్పుకుంట అని ఒట్టు పెట్టుకున్న.

పిల్ల ఆ రూలుల చెల్లె కొడుకు పేరు పెట్టుకుంట ఆగింది. మా మామ కాలం చేసినంక పుట్టిన ఇద్దరు మనుమలకు, నా కొడుక్కు, చెల్లె కొడుక్కు, ఆయన పేరే పెట్టుకున్నం. మా ఇండ్లల్ల గది రివాజు. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే. ఇంట్ల పెద్దోడు, చిన్నోడు అని పిలుచుకుంటం గనుక రెండు పేర్లు ఒకటేనన్న సోయే మాకు ఉండది. తండ్రి పేరు గూడ రూలుల పెడుదామన్నది పిల్ల. మళ్ళ గంత పొడుగు ఎందుకన్న. "మీ బాపుకు ఎవలు రాస్తరే ఉత్తరాలు? సాంచా రాస్తదా?" అన్న. అది నవ్వి, నేను చెప్పినట్టె పెట్టింది.

రెండేండ్లు మంచిగనే నడిచింది. డబ్బలు చూసుకుంటుంటె నాకే ముద్దొచ్చేది.

గా యేడు సాంచాలు బందైనయి. ఆర్డర్లు లేవన్నరు, నూలు లేదన్నరు, ఇగ కరెంటే దండుగన్నరు. వాడల చప్పుడు బందైతె చెవులు నొచ్చుతయని నాకు అప్పుడే తెలిసింది. మా ఎదురింటోల్లు తాళమేసి సాంచాల పనికి భీవండి పోయిండ్రు. పక్కింటోల్ల సాంచా తుక్కుకు పోయింది. నా కొడుకు నెలరోజులు ఖాళీ షెడ్డుల కూసుండి, ఆఖరికి జగిత్యాలల ఒక ఏజెంటు తాన ఇంటర్వ్యూకు పోయిండు. దుబాయ్‌ల హోటళ్ళ దుప్పట్లు ఉతికే కంపినిల మిషన్ మీద పని. నేసే పని పోయినా బట్ట చెయ్యి ఇడువలేదు, అదే సంతోషమన్న.

ఏజెంటు ఒకటే చెప్పిండు. ఎంపికైతె కంపిని నుంచి మెయిల్ వస్తది, వచ్చిన పది రోజుల లోపట హైదరాబాద్‌ల మెడికల్ చేయించుకోవాలె, లేకుంటె ఆ జాగల ఇంకొకల్లను తీసుకుంటరు.

ఇగ పొద్దుగాల చాయ్ తాగకముందే నేను ఫోన్ తెరుసుడు. ఏం లేదు. మాపటికి మళ్ళ తెరుసుడు. ఏం లేదు. వారం దాటినంక కొడుకు అడుగుడు బంద్ చేసిండు. నన్ను తీసుకోలేదమ్మా, భీవండికన్న పోత అన్నడు. వాడు తినేటప్పుడు పల్లెం దిక్కు చూడకుండ గోడ దిక్కు చూసుడు పెట్టిండు. నేను ఏజెంటుకు ఫోన్ చేసిన. కంపినోళ్ళు పంపి గూడ రోజులాయె, మంచిగ చూసుకోండ్రి అన్నడు. నా తాన ఒక్క చీటి గూడ పోదు, అబద్ధాలు ఆడేటోని నోట్లె పురుగులు పడుతయి అని చెప్పి పెట్టేసిన.

ఆ ఆదివారం కోరుట్ల నుంచి చెల్లె దిగింది. చేతిల సర్వపిండి మూట. వచ్చి నీళ్ళు తాగంగనే తన డబ్బ తెరువుమన్నది. నేను ఫోన్ కొడుకు చేతికిచ్చి, నా ఒట్టు ప్రకారం గోడ దిక్కు తిరిగి చింతపండు ఒలుసుకుంట కూసున్న.

వాడు చదివిండు. "చిన్నమ్మా, చిన్నోన్ని మెడికల్‌కు రమ్మంటున్నరు, హైదరాబాద్‌కు."

చెల్లె గుండె మీద చెయ్యి పెట్టుకున్నది. వాడు ఆడ పనిల ఉండి మూడేండ్లాయె, మళ్ళ మెడికల్ ఏంది, నా కొడుక్కు ఏం రోగమొచ్చిందని ఏడుపు ఎత్తుకున్నది. కొడుకు ఊకోమని, ఇంక కిందికి చదువుకుంట పోయిండు. దుప్పట్లు ఉతికే కంపిని అన్నడు. తండ్రి పేరు చదివిండు. మళ్ళొకసారి చదివిండు.

మెల్లగ అన్నడు. "అమ్మా, గిది నా కాయితం."

నేను ఇటు మళ్ళిన. చెల్లె ఏడుపు సగంల ఆగింది.

"అక్కా, నీ కొడుకు కొలువు తెచ్చి నా డబ్బల పెట్టి తాళమేసినవా?"

చింతపండు చేతులతోనే ఫోన్ గుంజుకున్న. పోగు సాంచా అచ్చుల ఒక్కసారి తప్పుగ ఎక్కిందంటె బట్ట మొత్తం అదే గీత పడుతది. నూలు చుట్టిన కొత్త భీము ఎక్కిచ్చినంక జానెడు నేసి, చూసి, అప్పుడు సాంచా ఇడుస్తం. నలబై ఏండ్లు గదే పని చేసిన దాన్ని, రూలు పెట్టినంక ఒక్కసారి గూడ పట్టి చూడలేదు.

మెయిల్ వచ్చి తొమ్మిది రోజులైంది. మిగిలింది తెల్లారి ఒక్క రోజు.

కొడుకు అంగీ మార్చుకునేలోపల చెల్లె నా కోసం తెచ్చిన సర్వపిండి మొత్తం వాని సంచిల పెట్టింది. నాకొక ముక్క గూడ ఉంచలేదు. అడిగితె, నీకు శిక్ష అన్నది. వాడు మధ్యాహ్నం బస్సుకే హైదరాబాద్ పోయిండు. నేను జగిత్యాలకు ఫోన్ చేసి మనుమరాలికి చెప్పిన. పిల్ల అవుతలి దిక్కు దగ్గింది. నవ్వు ఆపుకుంటున్నదని నాకు ఎరుకే. తండ్రి పేరు కలిపి రూలు అక్కడినుంచే మార్చింది. తర్వాత ఏజెంటుకు ఫోన్ చేసిన. బిడ్డా, నీ నోట్లె ఏం పురుగులు పడవు, సల్లగుండు అని చెప్పిన. ఆయన, ఇసొంటి అమ్మలు నాకు రోజుకొకరు తలుగుతరు అన్నడు.

మెడికల్ ఫలితం వచ్చేదాక చెల్లె కోరుట్ల పోలేదు. నాలుగు రోజులు ఇద్దరం ఫోన్ నడుమల పెట్టుకొని కూసున్నం. వచ్చిన మెయిలల్ల చెల్లె పొడుగుది కనబడితె ఇదే అనేది, నేను పొట్టిది కనబడితె ఇదే అనేదాన్ని. ఐదో నాడు కొడుకు వచ్చి చూసి, అన్ని మంచిగున్నయట, వీసా వస్తదట అన్నడు. ఆ రోజు వాడు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నడు.

పోయే ముందట చెల్లె బస్సు మెట్టు మీద నిలబడి అన్నది, "నా డబ్బ గూడ నువ్వే చూడు అక్కా. ముచ్చట వాడంత చాటినా ఏం కాదు."

కొడుకు దుబాయ్ పోయి ఏడాదాయె. ఇప్పుడు పొద్దుగాల నేను రెండు డబ్బలు తెరుస్త, పెద్దోనిది ఒకటి, చిన్నోనిది ఒకటి. కొత్తది ఏమన్న కనబడితె మనుమరాలికి పంపి చదివిచ్చుకుంట, ఆ వెనుక కోరుట్లకు ఫోన్ చేస్త. ఏం రాకున్నా చేస్త. ఏం రాలేదే అంటె, గా ముచ్చట చెప్పెటందుకు గింత సేపా అంటది. అనుకుంటనే ఇంకో పావుగంట మాట్లాడుతది.