తెల్లాయన కాలికి మా నాయన మొక్కు

మా నాయన లారీ డ్రైవరు. రేణిగుంట గోడౌన్ల నుంచి మద్రాసుకు సరుకు తోలేవాడు. నగరి దాటాక ఒక మలుపులో లారీ బోల్తా పడి ఆయన కాలు విరిగింది. కొన్నాళ్ళకు కట్టు విప్పేశారు, ఎముక అతుక్కుందన్నారు, కర్రలు పట్టుకుని నడవమన్నారు. నాయన మాత్రం మంచం దిగలేదు. నొప్పి అనేవాడు. నొప్పి కాదు, భయం. వీధిలో లారీ హారను మోగితే దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు. అది చూస్తే నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది. డిగ్రీ చదివే వయసు కదా, కోపమే సులువుగా ఉండేది.

ఒక ఆదివారం టీవీలో కార్ల రేసు వస్తోంది. ఛానెల్ మార్చే ఓపిక ఎవరికీ లేదు. ఉన్నట్టుండి ఒక కారు తిన్నగా వెళ్ళి టైర్ల గోడను గుద్దింది. నాయన దిగ్గున లేచి కూర్చున్నాడు.

"బ్రేకు పట్టలేదబ్బా! వాడేం జేస్తాడు పాపం!" అన్నాడు టీవీతో.

ఆ విదేశీ డ్రైవరుకూ కాలు విరిగిందని మర్నాడు పేపర్లో వచ్చింది. అంతే, ఆయన మాకు చుట్టమైపోయాడు. పేరు పలకడానికి నాయనకు నోరు తిరగక "తెల్లాయన" అన్నాడు. కాఫీ కూడా ముట్టకుండా "తెల్లాయనకు ఎట్లుండాదో సూడు పాపా" అని నన్ను పేపరు మీదికి తోలేవాడు. తన కాలి సంగతి ఎత్తితే గోడవైపు తిరిగేవాడు.

"మే, ఆ దేశంలో మొక్కుకునేవాళ్ళు యాడుంటారు?" అని ఒక పొద్దున అమ్మను అడిగాడు. ఆమె బదులు చెప్పేలోపే కిటికీలోంచి కనబడే కొండకు దండం పెట్టి, "సామీ, తెల్లాయన లేసి నడిస్తే కొండకొచ్చి గుండు కొట్టించుకుంటా" అనేశాడు.

తిరుపతివాళ్ళం కొండకు అంత తేలిగ్గా వెళ్ళం. వచ్చిన చుట్టాల్ని బస్సెక్కించి పంపడంతోనే మా భక్తి తీరిపోతుంది. కానీ మొక్కంటే మొక్కే. అమ్మ దగ్గర దానికి మినహాయింపు లేదు.

కొన్ని వారాలకు పేపర్లో ఫొటో పడింది. తెల్లాయన చంకల్లో కర్రలతో నిలబడి నవ్వుతున్నాడు, నడుస్తున్నాడని కింద రాశారు. నాయన ముఖం వెలిగింది. మరుక్షణమే మొక్కు గుర్తొచ్చి పాలిపోయింది.

"అది నడిసినట్టు గాదు మే. కర్రలుండాయి గదా."

"కర్రల సంగతి సామికి ముందే సెప్పినావా?"

"లేదు."

"మరింకేంది? ఆయప్ప కర్రలతో నడిసినాడు. నువ్వూ కర్రలతోనే రా."

"మంగలాయన్ని ఇంటికే పిలిపిస్తే?"

"సామిని గూడా ఇంటికే పిలిపించనా?" అంది అమ్మ.

నాయన మంచం దిగాడు. తెల్లాయన్ని తిట్టుకుంటూనే దిగాడు.

కొండ బస్సులో డ్రైవరు వెనక సీటు దొరికింది. నాయన కర్రలు నాకిచ్చి, ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నుదురంతా చెమట. ఈ మనిషిని అనవసరంగా బలవంతపెట్టామా అని నా ప్రాణం ఉసూరుమంది. ఘాటు రోడ్డు మొదలైంది. ఒక మలుపులో ఇంజను మూలిగింది. నాయన ఒక కన్ను తెరిచాడు.

"గేరు దించప్పా."

డ్రైవరు పట్టించుకోలేదు. తర్వాతి మలుపుకు రెండో కన్నూ తెరుచుకుంది.

"బండి ఏడస్తా ఉండాదప్పా, దించు గేరు!"

డ్రైవరుకు చిర్రెత్తింది. "ఏం పెద్దాయనా, నువ్వు తోలతావా?"

బస్సంతా నవ్వింది. అమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన మాత్రం నవ్వలేదు. డ్రైవరు నిజంగానే అడిగాడనుకుని ఆలోచించాడు. కాలు ముందుకు చాపి, పాదాన్ని నేలకేసి నొక్కి చూసుకున్నాడు.

"ఈ పొద్దు గాదులేప్పా. ఇంకొంచెం కుదరాల. కుదిరినంక తోలతా."

అమ్మ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాయన మా వైపు చూడనైనా చూడలేదు. తర్వాతి మలుపులో డ్రైవరు ఏ గేరు వేస్తాడా అని ముందుకు వంగి చూస్తున్నాడు.