అర్థంకాని బాబాయి

మా ఆఫీసులో బాబాయికి ఏదీ అర్థం కాదు. మాలో సగంమంది పలక పట్టకముందే ఆయన ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టాడు. అయినా ప్రోగ్రాములో ఏ వరుస చూపించినా మెడ గోక్కుని, "నాకర్థం కాలేదురా అబ్బాయ్" అంటాడు.

మేమంతా ఒకే ప్రోగ్రామును ఒకేసారి రాస్తాం. ఎవరి కుర్చీ వాళ్లదే గాని, తెరమీద అందరికీ ఒకటే గది. ఒకే నల్లబల్ల మీదకి అందరూ సుద్దముక్కలు పట్టుకుని ఎగబడ్డట్టుంటుంది. ఒక్కొక్కరి కర్సరు ఒక్కో రంగు గీత, దానికి పేరు తగిలించి ఉంటుంది. ఎక్కడ ఆగామో, ఏం రాసి చెరిపామో అందరికీ కనిపిస్తుంది. చెవుల్లో అందరి మాటలూ వినిపిస్తుంటాయి. మనిషి సిగ్గు విడిచి బతకడం నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు.

అప్పుడు మేం రాస్తున్నది ఒక ఆసుపత్రికి, రోగులను వరుసగా పిలిచే ప్రోగ్రాము.

"అబ్బాయ్, ఈ లెక్క సున్నా నుంచి ఎందుకు మొదలైంది?" అన్నాడు బాబాయి.

"కంప్యూటరు అలాగే లెక్కపెడుతుంది బాబాయ్."

"మరి సున్నా నంబరు రోగి ఎక్కడ కూర్చుంటాడు?"

జీవితమంతా వంట చేసినవాడు, కూరలో ఉప్పెందుకని అడిగినట్టుంది. పళ్లు కొరుక్కుంటూ మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "మళ్లీ చెప్పు, మెల్లగా" అన్నాడు.

ఇంటి నుంచి పిన్ని ఫోన్ చేస్తే మాత్రం ఆవిడ మాట పూర్తికాకముందే "సరే, తెస్తాను" అనేవాడు. ఉన్న తెలివంతా ఇంటికే సరిపోతోందని మేం తేల్చేశాం.

ఇదంతా మా టీమ్ లీడుకి ఒళ్లుమంట. ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు. నాకు ఎవరిమీదా మంచి అభిప్రాయం లేదని ఆఫీసులో పేరుంది. అందుకే నన్ను ఎంచుకున్నాడు.

"బాబాయిగారి వెంటపడు. ఏమేం అర్థంకావడం లేదో చూసి నాకు చెప్పు. పైవాళ్లతో మాట్లాడి ఇంటికి పంపించేద్దాం."

"వాళ్లబ్బాయి ఇంకా చదువుకుంటున్నాడు సార్."

"అయితే? నేను ఫీజు కట్టాలా?"

వెంటపడటం మా గదిలో తేలిక. మనిషి పేరు నొక్కితే చాలు, ఆయన చూస్తున్నదే మన తెరమీదా కనిపిస్తుంది. బాబాయి పేరు నొక్కాను. చూస్తే ఆయన తన పని దగ్గర లేడు. కొత్తగా చేరిన అమ్మాయి రాస్తున్న చోట ఉన్నాడు. ఆమె కర్సరు ఒక వరుస మీద ఆగిపోయింది. "ఇది ఎందుకు" అని రాసింది, చెరిపేసింది. మళ్లీ రాసింది, మళ్లీ చెరిపేసింది.

చెవిలో బాబాయి గొంతు వినిపించింది. "ఒరే అబ్బాయ్, ఆ వరుస నాకర్థం కాలేదు."

విసుక్కుంటూనే విడమరిచి చెప్పాను. ఆ అమ్మాయి కర్సరు చకచకా ముందుకు కదిలింది. బాబాయి అక్కడినుంచి తప్పుకున్నాడు.

మధ్యాహ్నం నా పనిలో నేనే ఒకచోట ఇరుక్కున్నాను. కాలేజీ మొహం చూడకుండా పుస్తకాలు చదివి నేర్చుకున్నవాణ్ణి, నోరు తెరిచి ఎవర్ని అడుగుతాను? చిరాకేసి, బాబాయి ఏం వెలగబెడుతున్నాడో చూద్దామని మళ్లీ ఆయన పేరు నొక్కాను. తెరమీద నా వరుసే కనిపించింది.

"అమ్మా" అంటున్నాడు కొత్తమ్మాయితో, "ఇదేమిటో కాస్త చెప్తావా, ఎంత చూసినా నా బుర్రకెక్కడం లేదు."

ఆ అమ్మాయి చెప్పింది. నేను దగ్గు వచ్చినట్టు నటిస్తూ ప్రతి ముక్కా విన్నాను.

ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ తెరమీది మా గదిలోకి వచ్చే రోజు పొద్దున్నే లీడు హెచ్చరించాడు. "బాబాయిగారూ, ఇవాళ మీరు నోరు విప్పితే రేపు రానక్కర్లేదు."

అది ఆయనకు ఒక్కసారికే అర్థమైంది.

డాక్టరమ్మ అన్నీ చూసి ఒక వరుస దగ్గర ఆగింది. "ఇదేం చేస్తుంది? మీకే తెలియనిదాన్ని నా రోగుల మీద వాడను."

లీడు కర్సరు అక్కడికి వెళ్లి నిలబడింది. అది ఆయన ఎప్పుడో రాసిందే. పక్కన ఆయన పేరు కూడా ఉంది. ఎందుకు రాశాడో మాత్రం పూర్తిగా మర్చిపోయాడు. కర్సరు మిణుకుమిణుకుమంటోంది.

"క్షమించాలి, నాకర్థం కాలేదండీ" అన్నాడు బాబాయి. తర్వాత కొత్తమ్మాయితో, "అమ్మా, నిన్న ఇదే నాకు చెప్పావే, మరోసారి చెప్పు."

"పిలిచినప్పుడు రాని రోగిని తీసెయ్యకుండా వరుస చివర నిలబెడుతుందండీ" అంది కొత్తమ్మాయి.

"మంచి ఆలోచన. ఎవరిది?" అంది డాక్టరమ్మ.

"మా లీడుగారిది" అన్నాడు బాబాయి.

సాయంత్రం లీడు నన్ను పిలిచాడు. "ఏమేం అర్థం కాలేదు ఆయనకి?"

"ఆవేళ పొద్దున కొత్తమ్మాయికి కానిది సార్. మధ్యాహ్నం నాకు కానిది."

ఇవాళ్టి సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. "పైవాళ్లకి నేను చెప్పుకుంటాలే, ఆయన ఉంటాడు. నువ్వెళ్లి పని చూసుకో" అన్నాడు.

మర్నాడు లీడు కర్సరు ఒక వరుస దగ్గర ఆగింది. ఏదో రాసింది, చెరిపింది. మళ్లీ రాసింది, ఈసారి చెరపలేదు. "ఇది నాకు తెలియడం లేదు. ఎవరైనా చెప్తారా?"

అన్ని రంగుల గీతలూ పరిగెత్తుకొచ్చి ఆ వరుస మీద పడ్డాయి. తలా ఒకటి చెబుతూ కొట్టుకున్నాం. బాబాయి గీత ఒక్కటే రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే, కుర్చీలో వాలిపోయి కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని గురకపెడుతున్నాడు. లేపుదామని లేచాను. లీడు వద్దని సైగ చేసి, ఆయన మొహం మీద పడుతున్న ఎండకి అడ్డంగా కిటికీ తెర లాగాడు.